కుడి చెయ్యెత్తు, గ్లోరీ

తిరువూరు,
7 ఏప్రిల్ 2025

గ్లోరీకి,

దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. మీ అమ్మ క్షేమం, పిల్లి క్షేమం. నా నడుం మాత్రం ఇంకా విజయవాడలో మీ హాలు కుర్చీలోనే ఉంది. ఎప్పుడైనా అటు వెళితే తీసుకురా.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నాకు వినపడదు, నీకు ఓపికుండదు. నువ్వొకటి అడగడం, నేనింకొకటి చెప్పడం, మధ్యలో మీ అమ్మ దుబాసీలా నిలబడటం, ఈ వయసులో నాకెందుకా తిప్పలు? ఉత్తరంలో నాకు చెవుడు లేదు.

శనివారం నీ ప్రదర్శన చూడటానికి చేసిన ప్రయాణం గురించి చెప్పాలి. బ్యాలే అంటే ఏమిటో నాకు బాగా తెలుసనుకునే బయల్దేరాను. తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పడమే నా వృత్తి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యేదాకా అదే చేశాను. మైలవరం వచ్చేదాకా పక్కింటి రావమ్మకి పాఠం చెబుతూనే ఉన్నాను.

"మాటలుండవా టీచరుగారూ?"

"ఉండవు."

"పాటలు?"

"పాటలూ ఉండవు. వాయిద్యాలుంటాయి."

"మరి కథెట్టా తెలుస్తుందండీ?"

"కాళ్ళతో చెబుతారు రావమ్మా."

రావమ్మ తన కాళ్ళవంక చూసుకుని, చెప్పులు సర్దుకుని, మళ్ళీ మాట్లాడలేదు. ఆ మౌనం చూసి నా బోధన ఫలించిందనుకున్నాను. నిద్రపోయిందని తర్వాత తెలిసింది.

మీ మాస్టారు వరద కథ ఎంచుకోవడం మంచిదే. బుడమేరు పొంగినప్పుడు నువ్వు సింగ్‌నగర్‌లో ఆ హాస్టలు మేడ మీద చిక్కుకుపోయిన సంగతి తలుచుకుంటే ఇప్పటికీ లేచి ప్రార్థన చేసుకుంటాను. ఆ నీలం గుడ్డ పట్టుకుని అటూ ఇటూ ఊపిన పిల్లలు నీళ్ళని బాగానే చూపించారు. రావమ్మ కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. నువ్వు కాలివేళ్ళ చివర నిలబడ్డప్పుడు, "అట్టా నిలబడితే మన తోటలో చిటారుకొమ్మ కాయ కూడా అందుతుందండీ" అంది. ఇది విమర్శ కాదు, మెప్పు. ఆవిడకి మామిడి తోటకి మించిన కొలబద్ద లేదు.

ఇక మధ్యలో జరిగిన ఆ సంగతి గురించి నేనేమీ రాయను. అంతమంది ముందు ఎవరికైనా జరుగుతుంది. నేను ముందు వరసలో ఉండబట్టి సరిపోయింది. నోరు దానంతటదే లేచింది. నువ్వూ వెంటనే అందుకున్నావు, అంతే చాలు. ఎవరూ గమనించలేదు. బస్సు వేళైపోవడంతో నిన్ను కలవకుండానే వచ్చేశాం. కలిస్తే నువ్వు సిగ్గుపడతావేమోనని కూడా అనిపించింది.

మన స్కూలు కరస్పాండెంటు ఇమ్మాన్యుయేల్ గారు చర్చి దగ్గర మళ్ళీ అడిగారు. సైన్సు టీచరు పోస్టు నీకోసమే ఆపి ఉంచారు. జూన్‌లో బడి తెరిచే రోజుకి చేరాలి. నేనే వెళ్ళి అడిగిన ఉద్యోగమని గుర్తుపెట్టుకో. ఇంతవరకు ఎవరినీ ఏమీ అడగని నేను అడిగాను, అదీ నవ్వుతూ. నా మొహం మీద నవ్వు చూసి ఆయన భయపడ్డారు.

కాళ్ళకి కొబ్బరినూనె రాసుకో.

నీ అమ్మమ్మ,
హన్నమ్మ

*

విజయవాడ,
11 ఏప్రిల్ 2025

అమ్మమ్మా,

"ఎవరూ గమనించలేదు"ట! హాలు హాలంతా గమనించింది. లైట్లు వేసే అబ్బాయి చేతిలో టీ ఒలికిపోయింది.

నీ ఉత్తరం గదిలో అందరికీ చదివి వినిపించాను. మెచ్చుకోవడం కూడా తిట్టినట్టే రాస్తావని చెబితే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ఇప్పుడు నమ్మారు.

ఆ రోజు నేనెలా ఉన్నానో నీకు తెలియాలి. వాయిద్యాలు కూడా ఆగిపోయే చోటది. మేడ మీద ఆ పిల్ల ఒక్కతే నిలబడి ఉంటుంది. చుట్టూ నీళ్ళు, దూరంగా పడవ వెలుగు. నా మొదటి సోలో అది. ఊపిరి వినపడేంత నిశ్శబ్దం. అందులోంచి నీ గొంతు వచ్చింది. "కుడి చెయ్యెత్తు! గ్లోరీ, కుడి చెయ్యెత్తు తల్లీ!" సరిగ్గా ఆ తర్వాతే నా చెయ్యి లేవాలి, లేచింది. హాల్లో ఎవరో వెక్కి ఏడ్చారు. తర్వాత చప్పట్లు ఆగలేదు.

విశ్వతేజ మాస్టారు తెర వెనక్కి వచ్చి, "ఎవరమ్మా ఆవిడ? ఆ పిల్ల నిజంగానే మునిగిపోతోందని నమ్మేసింది. ఇన్నేళ్ళలో నాకెవరూ ఇలాంటి కితాబు ఇవ్వలేదు" అన్నారు. మా అమ్మమ్మ అని చెప్పాను. ఎంత గర్వంగా చెప్పానో! మర్నాడు జిల్లా పేజీలో కూడా రాశారు: "వరద దృశ్యానికి తట్టుకోలేక కేక వేసిన వృద్ధురాలు." వృద్ధురాలన్నందుకు నువ్వు వాళ్ళ మీద కేసు పెడతావని తెలుసు. కటింగు పంపడం లేదు.

అమ్మమ్మా, నా టెన్త్ మార్కులు చూసి నువ్వన్నమాట గుర్తుందా? "మిగతావి ఎక్కడ పారేసుకున్నావు?" అన్నావు. బీఎస్సీ పాసైతే "సరే" అన్నావు. బీఈడీకి ఆ "సరే" కూడా లేదు, తలూపావంతే. అలాంటి నువ్వు నా నాట్యం చూసి ఒళ్ళు మరిచిపోయి అందరిలో అరిచావు. "నోరు దానంతటదే లేచింది" అని నువ్వే రాశావు. ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు చదువుకున్నానో.

కాబట్టి నిర్ణయించుకున్నాను. స్కూల్లో చేరను. ఇన్నాళ్ళూ చేరాలా వద్దా అని కొట్టుమిట్టాడాను. డాన్సు వస్తుందో లేదో నాకే తెలియకపోతే ఎలా అనుకునేదాన్ని. నిన్ను కదిలించగలిగానంటే వచ్చినట్టే. ఇమ్మాన్యుయేల్ గారికి నువ్వే మెల్లగా చెప్పు. నవ్వకుండా చెప్పు, భయపడతారు.

నీ
గ్లోరి

*

తిరువూరు,
19 ఏప్రిల్ 2025

గ్లోరీ,

నీ ఉత్తరం చదివాక రెండు పూటలు కాఫీ కూడా రుచించలేదు. గుడ్ ఫ్రైడే నాడు ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి పాస్టరుగారు చెబుతుంటే, నేను హాల్లో పలికిన ఎనిమిదో మాట గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. రావమ్మ నా కళ్ళల్లో నీళ్ళు చూసి భక్తి అనుకుంది. జనం నా గురించి ఈమధ్య అన్నీ మంచిగానే అనుకుంటున్నారు, ఏం చెయ్యను.

చెప్పాల్సింది చెబుతాను. నేను ఒళ్ళు మరిచిపోయి అరవలేదు. నువ్వు మర్చిపోయావనుకుని అరిచాను.

నీకు మన చర్చి సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. క్రిస్మస్ కార్యక్రమంలో పిల్ల ముందుకొచ్చి బైబిలు వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోతే, ఎవరూ చూస్తూ ఊరుకోరు. తల్లి తల దించుకుంటుంది, పాస్టరుగారు గొంతు సవరించుకుంటారు, ముందు బెంచీలో ఉన్న మనిషి ఆ తర్వాతి మాట అందిస్తుంది. అందించకుండా కూర్చోవడమే మనకి తప్పు. ఆ ముందు బెంచీ మనిషిని నేనే. నాకు ముందు మా మేనత్త మాణిక్యమ్మ ఉండేది. ఆవిడ పోతూ పోతూ నాకిచ్చిన ఆస్తి అదొక్కటే. నీకు కూడా అందించాను, గొర్రెల కాపరి వేషంలో కర్ర జారవిడిచి బిక్కమొహం వేసినప్పుడు.

మొన్న ఏమైందంటే, వాయిద్యాలు ఆగిపోయాయి. నువ్వు కదల్లేదు. మొదట వాయించేవాళ్ళది తప్పనుకున్నాను. తర్వాత నీది అనుకున్నాను. ఇంకా కదల్లేదు. డిసెంబరులో నువ్వు మన మేడ మీద సాధన చేస్తుంటే బట్టలు ఆరేస్తూ చూశాను కదా, ఆ నిలబడటం తర్వాత కుడి చెయ్యి లేస్తుందని నాకు గుర్తుంది. హాల్లో ఆ చెయ్యి రాలేదు. పక్కన రావమ్మ, "పిల్ల మరిచిపోయినట్టుందండీ" అంది. అంతే. అందించాను.

నువ్వు చెయ్యెత్తావు. నా మాటకే ఎత్తావనుకున్నాను! తిరుగు బస్సులో రావమ్మతో "చూశావా, ఎలా అందుకుందో" అన్నాను. కండక్టరుకి కూడా చెప్పాను, "మా మనవరాలు ఇవాళ పరువు పోగొట్టుకునేది, నేనుండబట్టి నిలిచింది" అని. అతను చిల్లరిచ్చి వెళ్ళిపోయాడు. ఆ రోజు హాల్లో పరువు పోగొట్టుకున్నది ఎవరో ఇప్పుడు తెలిసింది. కనీసం పేపరువాళ్ళు పేరు రాయలేదు, వయసు మాత్రమే రాశారు.

నా ఉద్యోగకాలమంతా దొంగ సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టలేదు. సర్పంచి బావమరిది వచ్చి వరండాలో బైఠాయించినా పెట్టలేదు. అలాంటిది సొంత మనవరాలికి నోటితో ఒకటి రాసిచ్చేశాను, నువ్వు దాన్ని పట్టుకుని ఉద్యోగం వదిలేస్తానంటున్నావు. వదులుకోవాలనుంటే వదులుకో. నా కేక చూసి మాత్రం వద్దు. దానికి విలువ లేదు.

మరి నాట్యం నీకు నచ్చలేదా అని అడుగుతావు. నాకు అర్థం కాలేదు గ్లోరీ. ఈ మూడు మాటలు రాయడానికి ఈ ఉత్తరం మొత్తానికి పట్టినంతసేపు పట్టింది. నీలం గుడ్డ అర్థమైంది. నువ్వు అర్థం కాలేదు. మర్చిపోతావేమోనని చూస్తూ కూర్చున్నదానికి ఇంకేం కనిపిస్తుంది?

ఇమ్మాన్యుయేల్ గారికి ఇంకా ఏమీ చెప్పలేదు.

అమ్మమ్మ

*

విజయవాడ,
26 ఏప్రిల్ 2025

అమ్మమ్మకి,

ఉత్తరం అందింది. నిజం రాసినందుకు సంతోషం. సంతోషం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను, నీ దగ్గరే నేర్చుకున్నాను.

కదలకుండా నిలబడటం తేలికనుకుంటున్నావు. చలికాలమంతా అదే నేర్చుకున్నాను. ఎగరడం నాకు మొదట్లోనే వచ్చింది. నిలబడటం రాలేదు. మాస్టారు వెనకనుంచి వచ్చి భుజం మీద వేలు పెట్టేవారు. వేలి బరువుకి ఊగితే మళ్ళీ మొదటినుంచి. సరిగ్గా వచ్చిందని ఆయన అన్నరోజున బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను. దాన్ని చూసి నువ్వు వాక్యం మర్చిపోయిన పిల్లనుకున్నావు.

నీ ముందు నేనెప్పుడూ ఆ పిల్లనే. కర్ర జారవిడిచిన గొర్రెల కాపరిని.

ఇక్కడ అందరూ ఇంకా నీ కేక గురించే మాట్లాడుకుంటున్నారు. నేనెవరికీ నిజం చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

నాకే తెలియని సంగతి నీ ద్వారా తెలిసిందనుకున్నాను. తెలియలేదని ఇప్పుడు తెలిసింది. స్కూల్లో చేరతాను. ఇమ్మాన్యుయేల్ గారికి వస్తోందని చెప్పెయ్యి. మే 17న ఖమ్మంలో ఒక ప్రదర్శన ఒప్పుకున్నాం, అది అయ్యాక ఇక్కడ మానేస్తాను. నీకు రావాలనుంటే రా. వెనక వరసలో కూర్చో. దయచేసి అందించకు.

గ్లోరి

*

తిరువూరు,
2 మే 2025

గ్లోరీ,

దీవెనలు. ఈసారి నిజంగానే.

మీ అమ్మ నీ ఉత్తరం చదివి నా వైపు చూసింది. ఆ చూపు నేను పదో తరగతి పిల్లల వైపు చూసే చూపు. నా దగ్గరే నేర్చుకుంది. ఇంట్లో అందరూ నా దగ్గరే నేర్చుకున్నారు, ఇప్పుడు అందరూ నా మీదే వాడుతున్నారు.

ఇమ్మాన్యుయేల్ గారికి చెప్పాను. ఆయన అప్పుడే నీ పేరు టైంటేబుల్లో ఎక్కించేశారు. ఎనిమిదో తరగతి సైన్సు, తొమ్మిదో తరగతి సైన్సు, శుక్రవారం ఆటల పీరియడు. "డాన్సు వచ్చు కదండీ, ఆగస్టు పదిహేనుకి పిల్లలకి నేర్పిస్తుంది" అని మురిసిపోయారు. నేను సంతోషించాలి. ఇంటికొచ్చి కాసేపు సంతోషించడానికి ప్రయత్నించాను.

ఇంకొక సంగతి. మీ మాస్టారు ఫోను చేశారు. మీ అమ్మ అందుకుని నాకు చెవిలో అరిచి చెప్పింది. ఖమ్మంలో కూడా నేను ముందు వరసలో కూర్చుని, అదే చోట, అదే కేక వెయ్యాలట! "అమ్మా, మీరు వేస్తే సహజంగా ఉంటుంది" అన్నారట. నేను కుదరదని చెప్పించాను. చెప్పించడానికి ముందు ఏం జరిగిందో కూడా నీకు తెలియాలి, ఎలాగూ నా పరువు నీ దగ్గర ఏమీ మిగల్లేదు. రేపు చెబుతానని ఒకపూట గడువడిగాను. ఆ పూట తలుపేసుకుని, అద్దం ముందు నిలబడి, "కుడి చెయ్యెత్తు తల్లీ" అని మూడు రకాలుగా అని చూశాను. మూడోది బాగా వచ్చింది. కిటికీలోంచి రావమ్మ, "ఏమైందండీ టీచరుగారూ, భుజం గూడ పట్టేసిందా?" అంది. అప్పుడు సిగ్గేసింది. నీ గుండె మీద కాలేసి నిలబడి నేను నటినవుదామనుకున్నాను, చూడు.

ఖమ్మం వస్తాను. వెనక వరసలోనే కూర్చుంటాను. నోట్లో కరక్కాయ ముక్క పెట్టుకుంటాను. రావమ్మకి కూడా ఒకటిస్తాను, అసలు మొదలుపెట్టింది ఆవిడే కాబట్టి.

అమ్మమ్మ

*

తిరువూరు,
19 మే 2025

గ్లోరీ,

ప్రదర్శన అయ్యాక నీకోసం ఆగకుండా వచ్చేశాను. చప్పట్లు కూడా కొట్టలేదు. వెనక వరసలో నేను కనిపించి ఉంటే, లేచి వెళ్ళిపోవడం కూడా కనిపించే ఉంటుంది. నచ్చక వెళ్ళిపోయిందనుకుని ఉంటావు. మొన్నటి అరుపుకి లేని అర్థం తీశావు, ఇప్పుడు ఈ మౌనానికి కూడా తీస్తావని భయమేసి రాస్తున్నాను.

ఈసారి నేను నీకోసం చూడలేదు. అంటే, నువ్వు ఎక్కడ తప్పుతావా అని చూడలేదు. కరక్కాయ నోట్లో ఉంది, చేతులు కొంగులో ఉన్నాయి, చెయ్యడానికి ఇంకేం పని లేదు. పని లేక నాట్యం చూశాను. ఇన్నేళ్ళలో పని లేకుండా ఒక పిల్లని చూడటం నాకిదే మొదటిసారి.

వాయిద్యాలు ఆగాయి. నువ్వు నిలబడ్డావు. నువ్వు కదలడం లేదని మొన్న అనుకున్నాను చూడు, అబద్ధం. కదులుతూనే ఉన్నావు. కుడి భుజం లేవాలని చూస్తోంది, నువ్వు దాన్ని పట్టి ఆపుతున్నావు. పడవ వెలుగు దగ్గరికొచ్చేకొద్దీ ఆ భుజం ఇంకా గింజుకుంటోంది, నువ్వు ఇంకా గట్టిగా ఆపుతున్నావు. నీ మెడ నరం వెనక వరసకి కూడా కనిపించింది. రావమ్మ నా చెయ్యి పట్టుకుని, చెవిలో, "పిలవదేందండీ? పడవోళ్ళు ఎల్లిపోతారు కదా" అంది. నాకూ అదే అనిపించింది. ఈ పిల్ల ఎందుకు పిలవదు?

అప్పుడు చెయ్యి లేచింది. అది పిలిచే చెయ్యి కాదు గ్లోరీ. అరచెయ్యి నీ వైపు తిరగలేదు, అటు తిరిగింది. పక్క మేడని చూపిస్తోంది. అక్కడ నీలం గుడ్డ చాటున ఇంకొక పిల్ల ఒళ్ళో మూటతో కూర్చుని ఉంది. మొన్న ఆ పిల్లని నేను చూడనేలేదు. ముందు వరసలో కూర్చుని నీ చెయ్యి వంకే చూస్తున్నాను. పడవ అటు మళ్ళింది. నువ్వు చెయ్యి దించలేదు, అది కనుమరుగయ్యేదాకా.

అప్పుడు నా నోరు లేవలేదు. కరక్కాయ వల్ల కాదు, అది ఎప్పుడు మింగేశానో తెలియదు.

కిందటేడు సెప్టెంబరులో నీళ్ళు తీశాక నువ్వు ఫోను చేసి, "పడవ ఆలస్యంగా వచ్చింది అమ్మమ్మా, అంతే" అన్నావు. మీ అమ్మ అదే మాట నాకు చెవిలో చెప్పింది. ఆ పడవ ఆలస్యంగా రాలేదు కదూ. వేళకే వచ్చింది. నువ్వు పంపించేశావు. నీ పక్క మేడ మీద ఎవరున్నారే? బాలింతా?

వెళ్ళిపోయింది ఇందుకు. నీ ఎదుటికొస్తే ఈ ప్రశ్న అడగాలి, అడిగితే ఏడవాలి, ఖమ్మం వాళ్ళ ముందు నేను ఏడవను. బస్టాండులో ఏడ్చాను. అక్కడ నన్నెవరూ ఎరగరు. రావమ్మ సమోసా కొనిపెట్టింది, అదీ తిన్నాను.

నీ నాట్యం బాగుందని రాయడానికి నాకు అర్హత లేదు. కాలివేళ్ళ గురించి నాకేం తెలుసు? కానీ ఒక్క మాట కూడా లేకుండా నువ్వు నాకొక విషయం చెప్పావు. ఎనిమిది నెలలుగా ఫోనులో చెప్పలేనిది. అది మాత్రం నాకు అర్థమైంది, ఎవరూ అందించకుండానే.

ఉద్యోగం గురించి ఏమీ చెప్పను. చేరమనీ అనను, మానెయ్యమనీ అనను. దీన్ని కూడా సర్టిఫికెట్టు కింద తీసుకుంటావేమోనని ఇంకా భయంగానే ఉంది. నువ్వు చేరినా, చేరకపోయినా, ఇమ్మాన్యుయేల్ గారి ముందు నిలబడే పూచీ నాది.

అమ్మమ్మ

*

విజయవాడ,
23 మే 2025

అమ్మమ్మా,

ఆవిడ బాలింతే. పేరు కూడా తెలియదు. పడవలో నలుగురికే చోటుందని అరిచారు. నేను పెద్దగా ఆలోచించి పంపించానని అనుకోకు. చెయ్యెత్తబోయాను, పక్క మేడ మీద ఆ బాలింత వాళ్ళమ్మ చెయ్యి కూడా లేవడం చూశాను, నాది అటు తిరిగిపోయింది. అంతే. తర్వాత చాలాసేపు తిరిగిపోయినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను, రెండో పడవ వచ్చేదాకా. ఆ తిట్లు నీకు ఫోనులో ఎలా చెప్పను? మీరిద్దరూ కంగారుపడతారని ఆలస్యమైందన్నాను. మాస్టారికొక్కరికే చెప్పాను. ఆయన అందులోంచి ఈ నాట్యం కట్టారు.

ఇప్పుడొక సంగతి చెబుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు వెళ్ళిపోవడం నేను చూడలేదు. నువ్వు చప్పట్లు కొట్టలేదని కూడా నీ ఉత్తరం చదివేదాకా తెలియదు. ఖమ్మంలో తెర లేవకముందు నువ్వెక్కడ కూర్చున్నావో వెతుక్కున్నాను. తెర లేచాక నువ్వు హాల్లో ఉన్నావన్న సంగతే మర్చిపోయాను. అయిపోయాక బట్టలు మార్చుకుంటుంటే, "అయ్యో, అమ్మమ్మ వచ్చింది కదా" అని గుర్తొచ్చింది. పరిగెత్తుకొచ్చేసరికి మీరు లేరు.

నా జీవితంలో నిన్ను అంతసేపు మర్చిపోవడం అదే మొదటిసారి. నువ్వు మెచ్చావో లేదో అక్కర్లేకుండా నిలబడ్డాను. నాకు డాన్సు వస్తుందా అన్నదానికి జవాబు నీ దగ్గర వెతుక్కున్నాను, రెండుసార్లు. అది నీ దగ్గర లేదు అమ్మమ్మా. నేను నిన్ను మర్చిపోయిన చోట ఉంది.

అందుకని స్కూల్లో చేరను. ఈసారి నీ కేక చూసి కాదు, నీ ఉత్తరం చూసీ కాదు. ఉత్తరం రాకముందే మాస్టారికి ఉంటానని చెప్పేశాను. ఇమ్మాన్యుయేల్ గారికి నేనే ఉత్తరం రాస్తున్నాను, కానీ ముందు నువ్వు వెళ్ళి చెప్పు. పూచీ నాది అన్నావుగా.

నీ
గ్లోరి

*

తిరువూరు,
28 మే 2025

గ్లోరీ,

నన్ను మర్చిపోయావని రాసిన ఉత్తరం అందింది. మొదట కోపమొచ్చింది. నేనొక ముసలిదాన్ని, ఎండలో ఖమ్మం దాకా బస్సులో వచ్చి, కరక్కాయ మింగి, బస్టాండులో ఏడ్చి, మూడు కాగితాలు రాస్తే, నువ్వు చూడనేలేదట! నా మౌనానికి ఏ అర్థం తీస్తావోనని నేను నిద్రపోలేదు. దానికి నువ్వు ఏ అర్థమూ తియ్యలేదు. అసలు దాన్ని పట్టించుకోనేలేదు. మీ అమ్మకి చదివి వినిపిస్తే ఇంతసేపు నవ్వింది. ఆవిడ నవ్వడం చూసి నేను కూడా నవ్వాల్సి వచ్చింది.

నిన్న సాయంత్రం ఇమ్మాన్యుయేల్ గారి దగ్గరికి వెళ్ళాను. కుర్చీ చూపించారు, కూర్చోలేదు. పిల్ల రావడం లేదండీ అన్నాను. ఆయన టైంటేబులు కాగితం వంక, నా వంక మార్చి మార్చి చూశారు.

"అదేంటి టీచరుగారూ, మొన్న వస్తోందన్నారు కదా? మీరే కదండీ అడిగింది?"

"నేనే అడిగాను. అడగడం తప్పైంది."

"ఎక్కడైనా ఇంతకన్నా మంచిది దొరికిందాండీ?"

"మా పిల్లకి వేరే పనుందండీ."

"ఏం పని?"

బ్యాలే అని చెబితే పాఠం చెప్పాలి. పాఠం చెప్పడానికి నాకు తెలియదు. కాళ్ళతో కథ చెబుతుంది అందామనుకున్నాను, అదీ పూర్తిగా నిజం కాదు. ఏం చెప్పాలో అందించేవాళ్ళు పక్కన ఎవరూ లేరు. చివరికి నాకు తెలిసిన సంగతే చెప్పాను.

"నిలబడే పనండీ" అన్నాను.

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. నేను నవ్వకపోవడం చూసి ఆయన పెన్ను తీసి, ఎనిమిదో తరగతి సైన్సు ఎదురుగా ఉన్న నీ పేరు కొట్టేశారు.

నీ
హన్నమ్మ అమ్మమ్మ